నవ్వుకి వదిలిన చోటు

టూరింగు టాకీసులో ఆపరేటరు గదంటే నాలుగు వైపులా రేకులు, ముందు రేకుకి రెండు కన్నాలు. ఒక కన్నంలోంచి వెలుగు పోతుంది, రెండో కన్నంలోంచి ఆపరేటరు చూస్తాడు. కార్బన్ కడ్డీల వేడికి వేసవిలో ఒంటిమీద బనీను నిలిచేది కాదు. ప్రొజెక్టరు మోతలో తెరమీది మాట వినబడదు. ఆపరేటరు కోసం గదిలో ఒక చిన్న స్పీకరు ఉండాలి గాని, మా డేరాలో అది పాడైపోయాక ఎవరూ బాగుచేయించలేదు. అంచేత నేను వందల సినిమాలు చూశాను, మాటలు విన్నది మాత్రం తక్కువ. మోతని దాటుకుని నా దాకా వచ్చేది నేల టిక్కెట్టు జనం నవ్వొక్కటే.

నవ్వు వినబడగానే కన్నంలోంచి తెరవైపు చూసేవాణ్ణి. అలా చూడగా చూడగా ఒక సంగతి పట్టుబడింది. చాలామంది నటులు జనం నవ్వుతున్నా మాట్లాడుకుంటూ పోతారు. పెదవులు ఆడుతూనే ఉంటాయి, ఆ మాటలన్నీ నవ్వులో కొట్టుకుపోతాయి. హాస్యనటుడు రేలంగి దగ్గర అలా జరిగేది కాదు. జనం పగలబడి నవ్వుతున్నంతసేపూ ఆయన పెదవులు కదలవు. ఉత్తరీయం సర్దుకుంటాడు, పక్కకి చూస్తాడు, గొంతు సవరించుకుంటాడు. నవ్వు తగ్గుముఖం పట్టాక మళ్ళీ పెదవి కదుపుతాడు. డేరాలో కూర్చున్న జనాన్ని ఎదురుగా చూస్తున్నట్టే ఉండేది ఆయన వరస. ఆ సన్నివేశం తీసింది మద్రాసు స్టూడియోలో. అక్కడ ఉన్నది కెమెరామనూ, దర్శకుడూ, దీపాలు పట్టుకున్న కుర్రాళ్ళూ. వాళ్ళు నవ్వకూడదు, నవ్వితే శబ్దం రికార్డయిపోతుంది. మరి అత్తిలి పక్కన వరిచేల మధ్య వేసిన డేరాలో జనం ఎంతసేపు నవ్వుతారో ఆయనకి ఎలా తెలిసింది?

ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నది 1966 ప్రాంతంలో. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. పదమూడో ఏట రీళ్ళు వెనక్కి చుట్టే కుర్రాడిగా చేరి, గేటుకీపరునై, ఆపరేటరు దగ్గర పని నేర్చుకుని, ఆ గదిలోకి వెళ్ళాను. కోతలయ్యాక డేరా వేసేవాళ్ళం, వానలు మొదలయ్యే ముందు ఎత్తేసేవాళ్ళం. నేల, బెంచీ, కుర్చీ, మూడే తరగతులు. చీకటి పడుతుండగా లౌడ్ స్పీకరులో ఘంటసాల భక్తిగీతం పెడితే, టిక్కెట్లు ఇస్తున్నారని చుట్టుపక్కల ఊళ్ళకి కబురు వెళ్ళినట్టే. ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు రీలుకీ దీపాలు వేసి, కొత్త రీలు ఎక్కించేవాళ్ళం. ఆ సందులో జీళ్ళమ్మేవాళ్ళూ, వేరుశెనక్కాయల వాళ్ళూ బేరం చేసుకునేవారు. పట్నాల్లో ఆడి ఆడి గీతలు పడ్డ ప్రింట్లు మా దాకా వచ్చేవి. 1949 నాటి సినిమా 1966లో ఆడించినా జనం కిక్కిరిసి వచ్చేవారు. పాత సినిమా అనే మాట ఆ రోజుల్లో నేను వినలేదు. మళ్ళీ వచ్చింది అనేవారు, అంతే.

నా ప్రశ్నకి మొదటి ఆధారం మా బుకింగు గుమాస్తా దగ్గర దొరికింది. ఆయన కాకినాడ మనిషి. చిన్నతనంలో మూకీ సినిమాలు చూశాడు. బొమ్మలు మాట్లాడవు గనుక తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడట. రేకు గొట్టం నోటి దగ్గర పెట్టుకుని, రాజు మాట రాజులా, రాణి మాట రాణిలా, రాక్షసుడి మాట రాక్షసుడిలా పలికేవాడట. "బొమ్మ ఆగదు గదరా, జనం నవ్వితే వాడే ఆగాలి. ఆగి, మళ్ళీ పరిగెత్తి బొమ్మని అందుకోవాలి. అదీ వాడి పనితనం" అన్నాడాయన. నాకు ఒళ్ళు జలదరించింది. తెలుగు సినిమాకి మొట్టమొదటి హాస్యతార అనిపించుకున్న కస్తూరి శివరావు బతుకుదెరువు మొదలుపెట్టింది సరిగ్గా ఈ పనితోనే, సరిగ్గా ఆ కాకినాడలోనే.

శివరావు 1913లో కాకినాడలో పుట్టాడు. మూకీ చిత్రాలకు వ్యాఖ్యాతగా పనిచేశాడు. ఒక్కసారి ఆ పని ఎలాంటిదో ఊహించండి. ఒక కన్ను తెరమీద, ఒక చెవి జనంమీద. నిన్నటి ఆటలో నవ్విన చోట ఇవాళ నవ్వకపోతే రేపు మాట మార్చాలి. పిల్లలెక్కువ వచ్చిన రోజు ఒక తీరు, ఆడవాళ్ళెక్కువ వచ్చిన రోజు ఇంకో తీరు. రోజుకి రెండు ఆటలు, ఏడాది పొడుగునా. ఇంతకన్నా పెద్ద బడి హాస్యనటుడికి ఎక్కడ దొరుకుతుంది? భక్త ప్రహ్లాదతో తెలుగు తెరకి మాట వచ్చాక ఆ ఉద్యోగాలన్నీ పోయాయి. ఆ పనిచేసిన వాళ్ళలో చాలామంది పేర్లు ఎవరూ రాసిపెట్టుకోలేదు. శివరావు పేరు నిలిచింది, ఎందుకంటే ఆయన తెర పక్కనుంచి తెరమీదికి నడిచాడు.

1939లో వరవిక్రయంతో సినిమాల్లోకి వచ్చాడు. భానుమతికి కూడా అదే మొదటి చిత్రం. కాళ్ళకూరి నారాయణరావు రాసిన నాటకాన్ని చిత్తజల్లు పుల్లయ్య సినిమాగా తీశాడు. పుల్లయ్యదీ కాకినాడే. శివరావు తర్వాత చూడామణి, బాలనాగమ్మ, స్వర్గసీమ చిత్రాల్లో చేశాడు. 1948లో బాలరాజు ఆయనకి గొప్ప పేరు తెచ్చింది. ఆయనది ఒడ్డూ పొడుగూ ఉన్న విగ్రహం కాదు, అందగాడు అసలే కాదు. గొంతు ఉంది, ముఖంలో చురుకు ఉంది, పాట పాడగలడు.

1949 డిసెంబరు చివర్లో వచ్చిన గుణసుందరి కథని నేను తక్కువలో తక్కువ ముప్పై ఆటలు ఆడించి ఉంటాను. వాహినీ వారి చిత్రం, కె.వి.రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచన. షేక్‌స్పియర్ రాసిన లియర్ రాజు కథని పింగళి మన పేదరాశి పెద్దమ్మ కథలా మలిచేశాడు. మా నేల టిక్కెట్టు జనంలో ఒక్కరికీ అది ఇంగ్లండు నుంచి వచ్చిన కథ అన్న అనుమానం కూడా రాలేదు. తండ్రికి నచ్చని మాట చెప్పిన చిన్న కూతుర్ని రాజు ఒక అనాకారికిచ్చి పెళ్ళి చేస్తాడు. ఆ అనాకారి పేరు దైవాధీనం. శాపం తగిలిన రాకుమారుడు. ఆ వేషం శివరావుది. అంటే కథానాయకుడు ఆయనే! చిత్తూరు నాగయ్య, సి.హెచ్.నారాయణరావు లాంటి వాళ్ళని హీరోలుగా చూసిన తెలుగు జనం, నవ్వించే మనిషిని కథకి నడుమ నిలబెట్టి చివరిదాకా ఆయన కోసం కంటతడి పెట్టారు. ఇది నాకు చిన్న సంగతిగా అనిపించదు. హాస్యగాడికి కథలో ఒక మూల ఇస్తారు తప్ప సింహాసనం ఇవ్వరు. కె.వి.రెడ్డి ఇచ్చాడు.

అదే చిత్రంలో రాజుగారికి ఇద్దరు పెద్దల్లుళ్ళు. వాళ్ళలో ఒకడి వేషం వేసింది రేలంగి. ఒకే ఊరి నీళ్ళు తాగి పెరిగిన ఇద్దరూ ఒకే సినిమాలో ఉన్నారు. ఒకాయన శిఖరం మీద, ఇంకొకాయన ఇంకా మెట్ల మీద. ఆ రీళ్ళు వెనక్కి చుడుతున్నప్పుడల్లా ఇద్దరి ముఖాలూ నా వేళ్ళ కిందుగా జారిపోతుంటే నాకేదో గుబులుగా ఉండేది, ఎందుకంటే తర్వాత ఏం జరిగిందో అప్పటికే తెలుసు.

శివరావు ఆ ఊపులో 1950లో పరమానందయ్య శిష్యులు చిత్రానికి తానే దర్శకత్వం వహించాడు. గిరిజని తెరకి పరిచయం చేసింది ఆ సినిమాయే. ఆయనకి బ్యూక్ కారు ఉండేదనీ, అది ఆగితే జనం మూగిపోయేవారనీ మా గుమాస్తా తరం వాళ్ళు మురిపెంగా చెప్పుకునేవారు. కానీ సినిమా తీసిన డబ్బు నిలవలేదు. వేషాలు తగ్గుతూ వచ్చాయి. తర్వాతి సినిమాల్లో ఆయన పేరు జాబితాలో కిందికి కిందికి జారింది. 1966 ఏప్రిల్లో, యాభై మూడేళ్ళకి పోయాడు. ఆ కబురు చెప్పినరోజు మా గుమాస్తా టిక్కెట్ల పుస్తకం మూసి, కాసేపు కిటికీ దించేశాడు. లైన్లో జనం అరుస్తున్నా ఎత్తలేదు.

ఇక రేలంగి వెంకట్రామయ్య. తణుకు దగ్గర రేలంగి అని ఊరే ఉంది. మా వైపు వాళ్ళు ఆయన ఆ ఊరివాడేననుకునేవారు. అది ఇంటిపేరు. పుట్టింది తూర్పుగోదావరిలో రావులపాలెం దగ్గర, 1910లో. పెరిగింది కాకినాడలో. తండ్రి హరికథలు చెప్పేవాడు, పిల్లలకి సంగీతం చెప్పేవాడు. నా ప్రశ్నకి రెండో ఆధారం నాకిక్కడ కనబడుతుంది. హరికథ విన్నవాళ్ళకి తెలుసు, దాసుగారు అసలు కథ మధ్యలో ఒక పిట్టకథ వేస్తారు. జనం నవ్వుతారు. దాసుగారు చిడతలు తాటించుకుంటూ, గజ్జె కదుపుకుంటూ, నవ్వు సద్దుమణిగేదాకా నాలుగడుగులు అటూ ఇటూ వేస్తారు. ఖాళీగా నిలబడరు, మాటా విప్పరు. తర్వాత సరిగ్గా వదిలిన చోట అందుకుంటారు. రేలంగి తెరమీద ఉత్తరీయం సర్దుకోవడం నాకు ఆ చిడతల తాళంలాగే ఉంటుంది.

కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సమాజం ఉండేది. ఎస్.వి.రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు అందరూ ఆ గూటి పక్షులే. రేలంగి కుర్రతనంలో అక్కడ ఆడవేషాలు కట్టాడు. ఆనాటి నాటకమంటే రాత్రంతా సాగేది. పద్యం నచ్చితే వన్స్‌మోర్ అనేవారు, నటుడు కథని అక్కడే నిలబెట్టి మళ్ళీ పాడేవాడు. చచ్చిపడున్న పాత్ర లేచి పద్యం పాడి మళ్ళీ చచ్చిపోయిన కథలు ప్రతి ఊళ్ళోనూ చెబుతారు. నవ్వే జనానికీ నటుడికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం అక్కడ రాత్రిరాత్రంతా జరిగేది.

1935లో శ్రీకృష్ణ తులాభారంతో రేలంగి సినిమా గడప తొక్కాడు. ఆ తర్వాత పదమూడేళ్ళు చెప్పుకోదగ్గ వేషం లేదు. ఇది చదివేవాళ్ళు ఆ పదమూడు అంకె దగ్గర ఒక నిమిషం ఆగాలి. ఇరవై అయిదేళ్ళ వయసులో వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా పుల్లయ్య దగ్గరే ఉండి, నటుల్ని వెతికి తేవడం, షూటింగు ఏర్పాట్లు చూడటం, ఎవరూ రాని రోజున ఏదో చిన్న వేషం వేసుకోవడం. నేను రీళ్ళు చుట్టే పనిలో చేరి అయిదేళ్ళకి ఆపరేటరు గదిలోకి వెళ్ళేసరికే యుగాలు గడిచినట్టయింది. ఆయన అన్నేళ్ళూ కెమెరా వెనక నిలబడి ఏం చూశాడు? ఇతరులు నటించడం చూశాడు, సినిమా ఎలా ముక్కలు ముక్కలుగా తీస్తారో చూశాడు, ఆ ముక్కలు అతికాక హాల్లో జనం ఎక్కడ నవ్వారో చూశాడు. నాటకం నేర్పింది ఒక సగం, ఈ నిరీక్షణ నేర్పింది రెండో సగం.

1948లో పుల్లయ్యే తీసిన వింధ్యరాణిలో వేషం దొరికింది. ఆ తర్వాత కీలుగుర్రం, గుణసుందరి కథ. 1951లో పాతాళభైరవి. రాజుగారి బావమరిది శూరసేనుడు, రాకుమారి మీద ఆశ పెట్టుకున్న పిరికివాడు. తన పాట తానే పాడుకున్నాడు. అది విన్నాక ఆ పాత్రకి ఇంకో గొంతు అతకదు. ఆ సినిమా హాస్యనటుల తిరునాళ్ళ. తోటరాముడి స్నేహితుడు అంజిగా వేసిన బాలకృష్ణకి అంజి అన్నదే ఇంటిపేరైపోయింది. మాంత్రికుడి శిష్యుడిగా వేసింది ఇరవై ఏళ్ళయినా నిండని పద్మనాభం. పాతాళభైరవి దేవతగా ప్రత్యక్షమైన గిరిజ తర్వాత రేలంగి పక్కన నిలబడి జనాన్ని కడుపుబ్బ నవ్వించింది. ఆవిడ నటి దాసరి రామతిలకం కూతురు.

1955 సంక్రాంతికి మిస్సమ్మ. అందులో దేవయ్య ధర్మం అడుక్కునే మనిషి. రెండు పాటలు రేలంగి సొంత గొంతుతోనే పాడాడు. ఆ పాటలు వచ్చినప్పుడు మా డేరాలో తెరమీదికి పైసలు విసిరేవారు. దేవయ్యకి ధర్మం చేస్తున్నామన్న నమ్మకంతోనే విసిరేవారు. ఆట అయ్యాక చీపుళ్ళ వాడు ఏరుకునేవాడు. ఎదుటి పక్షాన డేవిడ్ వేషంలో రమణారెడ్డి.

1957 మార్చిలో మాయాబజార్. లక్ష్మణకుమారుడి వేషం వేరే ఎవరు వేసినా వెకిలిగా ఉండేదేమో. దుర్యోధనుడి కొడుకు. తాను వీరుడినన్న నమ్మకం వాడికి పూర్తిగా ఉంది. రేలంగి ఆ నమ్మకాన్ని ఎక్కడా వెక్కిరించలేదు. వాడు నిజంగానే వీరుడినని అనుకుంటున్నట్టే నటించాడు. అందుకే పెళ్ళిపీటల మీద మాయాశశిరేఖ కాలితో కాలు తొక్కినప్పుడు ఆ ముఖంలో పడే తికమక అంత నిండుగా ఉంటుంది. మాయాశశిరేఖగా వేసిన సావిత్రి చూపులో ఘటోత్కచుడు, రేలంగి చూపులో బెదిరిన పెళ్ళికొడుకు. ఇద్దరూ మాట్లాడరు. నా గదిలో మాట వినబడకపోయినా ఏ లోటూ లేకుండా నేను పూర్తిగా అనుభవించిన సన్నివేశం అది. ఆరేళ్ళ తర్వాత నర్తనశాలలో ఉత్తరకుమారుడయ్యాడు. ఉత్తరకుమారుడి ప్రగల్భాలు అన్న మాట తెలుగులో ఏనాటి నుంచో ఉంది. 1963 నుంచి ఆ మాటకి రేలంగి ముఖం వచ్చి చేరింది.

ఇక్కడ నా బతుకులో జరిగిన ఒక తప్పు చెప్పాలి. ఒక వేసవిలో మా యజమాని రెండో ఆట త్వరగా ముగించాలనుకున్నాడు. జనం పొద్దుపోయేదాకా ఉంటే కార్బను ఖర్చు, దీపాల ఖర్చు. ఒక జానపద చిత్రంలో రేలంగి వచ్చే ముక్కలు కథకి అడ్డమేగా, తీసెయ్యమన్నాడు. నేను కత్తెర పట్టుకుని తీసేశాను, సొల్యూషను రాసి అతికేశాను. ఆ రాత్రి ఆట ఆ చోటికి వచ్చేసరికి నేలమీది జనం లేచి నిలబడ్డారు. వాళ్ళలో సగంమంది తాడేపల్లిగూడెంలో ఆ సినిమా అంతకుముందే చూసిన వాళ్ళు. ఒక ముసలావిడ నా గది దగ్గరికి వచ్చి రేకు మీద కొట్టి, "మా రేలంగిని ఏం చేశావురా అబ్బాయీ" అంది. నాకు జవాబు రాలేదు. మర్నాడు పొద్దున్నే ముక్కలన్నీ మళ్ళీ కలిపాను.

కలిపేటప్పుడు ఫిల్మును వెలుగుకి పట్టి చూశాను. అడుగు ఫిల్ములో పదహారు బొమ్మలుంటాయి, సెకనుకి ఇరవై నాలుగు పోతాయి. నా చేతిలో ఉన్నది దాదాపు మూడడుగుల ముక్క. అంటే రెండు సెకన్లు. ఆ ముక్క పొడుగునా రేలంగి నోరు మూసే ఉంది. కళ్ళు మాత్రం మొదటి బొమ్మలో నేలమీద ఉన్నాయి, చివరి బొమ్మలో ఎదుటి మనిషి మీద ఉన్నాయి. ఆ చూపు పైకి లేవడానికి రెండు సెకన్లు తీసుకున్నాడు. అది నవ్వు కోసం ఉంచిన జాగా. జనం నవ్వకపోతే ఆలోచిస్తున్నట్టు కనబడుతుంది, నవ్వితే ఆ నవ్వుని వింటున్నట్టు కనబడుతుంది. ఏ హాల్లో ఆడినా చెడదు. ఆ రోజు తర్వాత నేను హాస్యం ఉన్న ముక్క కత్తిరించలేదు. యజమాని ఇంకోసారి అడిగాడు, కుదరదన్నాను.

రేలంగి పక్కన రమణారెడ్డి పేరు రాకుండా ఆ కాలపు మాట పూర్తికాదు. తిక్కవరపు వెంకట రమణారెడ్డి నెల్లూరు జిల్లా మనిషి, 1921లో పుట్టాడు. సినిమాల్లోకి రాకముందు శానిటరీ ఇన్‌స్పెక్టరు. 1952లో మానవతితో వచ్చాడు. రేలంగి బొద్దుగా గుండ్రంగా ఉంటే, రమణారెడ్డి తాటిపట్టెలా సన్నగా ఉండేవాడు. పక్కపక్కన నిలబడితేనే సగం పని అయిపోయేది. అయినా ఆకారం మీద ఆధారపడి బతికిన నటుడు కాడాయన. గుండమ్మ కథలో ఘంటయ్య పుల్లలు పెట్టే తీరు చూడండి. కూర్చున్న చోట కూర్చునే, నెల్లూరు సాగదీతతో, ఒక్కొక్క మాట జారవిడుస్తాడు. సూర్యకాంతం ఎదురుగా ఉండి కూడా తన వాటా నవ్వు తాను తీసుకెళ్ళగలిగిన వాళ్ళు తక్కువ. రమణారెడ్డి ఇంద్రజాలికుడు కూడా. మేజిక్ నేర్చుకుని వేదికలమీద ప్రదర్శనలిచ్చాడు, మంచి పనులకి నిధులు పోగుచేయడానికి కూడా ఇచ్చాడు. గారడీ చేసేవాడికి చప్పట్లకి చోటు వదలడం రాకపోతే గారడీయే లేదు. చేతిలో నాణెం మాయమయ్యాక వాడు జనం ముఖాలు చూడాలి. నా లెక్కకి ఇది మూడో ఆధారం.

రమణారెడ్డి 1974 నవంబరులో పోయాడు. ఏడాది తిరిగేసరికి, 1975 నవంబరులో, రేలంగి తాడేపల్లిగూడెంలో పోయాడు. 1970లో పద్మశ్రీ వచ్చింది. తెలుగు హాస్యనటుల్లో ఆ గౌరవం మొదట అందుకున్నది ఆయనే. సంపాదించిన డబ్బుతో తాడేపల్లిగూడెంలో రేలంగి చిత్రమందిర్ కట్టించాడు. మా డేరాలో ఆట లేని రోజుల్లో నేను సైకిలు తొక్కుకుంటూ ఆ హాలుకి వెళ్ళి సినిమా చూసేవాణ్ణి. తెరమీద నవ్వించిన మనిషే జనం కూర్చుని నవ్వడానికి నాలుగు గోడలు కట్టించి, పైకప్పు వేయించాడు. కుర్చీలో కూర్చుని మాటలతో సహా సినిమా వినడం నాకు ఆ హాల్లోనే అలవాటైంది. శివరావు డబ్బు సినిమా నిర్మాణంలో కరిగిపోయింది, రేలంగి డబ్బు ఇటుకా సున్నంగా మిగిలింది. ఇద్దరి జీవితాల మధ్య తేడా ఎక్కడుందని ఎవరైనా నన్నడిగితే, ముందుగా ఈ సంగతే చెబుతాను. నటనలో శివరావు ఏ విధంగానూ తక్కువవాడు కాడు.

పాలకొల్లు అల్లు రామలింగయ్య మా జిల్లావాడు. 1953లో గరికపాటి రాజారావు తీసిన పుట్టిల్లుతో మొదలుపెట్టి, మాయాబజార్లో వంగర వెంకటసుబ్బయ్య శాస్త్రిగా వేస్తే పక్కన శర్మగా వేశాడు. తల్పానికి గిల్పం, కంబళికి గింబళి అని పేర్లు పెట్టిన పింగళి పుణ్యాన ఆ ఇద్దరి అవస్థ చిన్నపిల్లలకి నేటికీ కంఠతా ఉంది. అల్లు హోమియో వైద్యం కూడా చేసేవాడు. 1990లో పద్మశ్రీ, 2004లో మరణం. యాభై ఏళ్ళు తెరమీద నిలబడటం చాలామందికి పట్టని అదృష్టం.

పద్మనాభం కడప జిల్లా సింహాద్రిపురం నుంచి వచ్చాడు. ఈయనదీ శివరావు దారే, సంపాదించింది సినిమా తీయడానికే పెట్టాడు. దేవత, పొట్టి ప్లీడరు, శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న, కథానాయిక మొల్ల. మర్యాద రామన్నలో కోదండపాణి సంగీతంలో ఒక కొత్త కుర్రాడి చేత పాడించాడు. ఆ కుర్రాడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. ఒక్క ఈ పనికే పద్మనాభం పేరు వెయ్యేళ్ళు చెప్పుకోవచ్చునని నేననుకుంటాను. చివరి రోజుల్లో చేతిలో డబ్బు లేక ఇబ్బంది పడ్డాడు, అది తలుచుకుంటే బాధగా ఉంటుంది.

రాజబాబు వచ్చేసరికి కాలం మారింది. అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు, రాజమండ్రి వాడు, పంతులుగా పనిచేసి వచ్చాడు. 1960లో సమాజం మొదటి చిత్రం. ఆయన నవ్వుకి చోటు వదిలేవాడు కాదు. ఒళ్ళంతా కదిలిపోతుంటే, గొంతు మెలికలు తిరుగుతుంటే, ఒక నవ్వు అయ్యేలోపు ఇంకో నవ్వు మీద పడేది. రమాప్రభ అంతే వేగంతో పక్కన ఉండేది. మొదట్లో నాకిది నచ్చలేదు. మాటలు నవ్వులో పోతున్నాయే అని బాధపడ్డాను. పక్కా హాల్లో పనిచేయడం మొదలుపెట్టి, స్పీకరు ఉన్న గదిలో విన్నాక నా అభిప్రాయం కొంత మారింది. నవ్వులో పోయిన మాట కోసం జనం రెండోసారి టిక్కెట్టు కొని వచ్చేవారు. అదొక పద్ధతి. అయినా రేలంగి పద్ధతే గొప్పదని ఇప్పటికీ అంటాను.

రాజబాబు మనసు గురించి మాత్రం రెండో మాట లేదు. తన పుట్టినరోజున పాతతరం నటులని పిలిచి సత్కరించేవాడు. అలా సత్కారం అందుకున్న వాళ్ళలో మన అంజి బాలకృష్ణ ఒకరు. శివరావుకి ఏమైందో చూసిన తరం అది, అందుకే రాజబాబుకి ఆ ఆలోచన వచ్చి ఉంటుందనుకుంటాను. దాసరి నారాయణరావు తొలి చిత్రం తాతా మనవడులో ఎస్.వి.రంగారావుతో సమానంగా నిలబడి, జనాన్ని ఏడిపించగలనని కూడా చూపించాడు. 1983 ఫిబ్రవరిలో పోయాడు. యాభై ఏళ్ళు నిండలేదు.

2010 జనవరిలో మాయాబజార్‌కి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. అప్పటికి నేను పని మానేసి చాలా ఏళ్ళయింది. మా దగ్గరి పట్నంలో మొదటి ఆటకి వెళ్ళాను. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. ముందు వరసల్లో కాలేజీ కుర్రాళ్ళు, వెనక నాలాంటి వాళ్ళు కొందరు. లక్ష్మణకుమారుడు తెరమీదికి వచ్చి, మాటన్నాడు. ఆగాడు. హాలు నిశ్శబ్దంగా ఉంది. ఉత్తరీయం సర్దుకున్నాడు, చూపు ఎత్తాడు. నాకు ఊపిరాడలేదు. అప్పుడు ముందు వరసలో ఒక కుర్రాడు కిసుక్కున నవ్వాడు, పక్కవాడు అందుకున్నాడు, ఇంకో ఇద్దరు. పెళ్ళిపీటల దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలన్నీ నవ్వుతున్నాయి. యాభై మూడేళ్ళ కిందట ఆయన వదిలిన చోట్లోనే, ముందుకీ వెనక్కీ కాకుండా, సరిగ్గా పట్టింది ఆ నవ్వు. ఒక్క మాటా పోలేదు.

ఆట వదిలాక బయటికి వచ్చి టీ తాగాను. తర్వాత బుకింగు దగ్గరికి వెళ్ళి రెండో ఆటకి టిక్కెట్టు తీసుకున్నాను.